‘లేదు’ ట్యూబులు

మా ల్యాబులో ఒక అలవాటు ఉండేది. కిట్ ‘ఉంది’ అన్న ట్యూబు ఫ్రీజర్‌లోకి వెళ్ళేది, ‘లేదు’ అన్న ట్యూబు పసుపు సంచిలోకి వెళ్ళేది. ఫ్రీజర్‌లోకి వెళ్ళినదానికి రాజభోగం. దానికో నంబరు, ఓ పెట్టె, పెట్టెలో ఓ గడి, ఆ తర్వాత దాని జన్యువును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం. సంచిలోకి వెళ్ళినదాన్ని వారాంతంలో ఆవిరి యంత్రంలో ఉడకబెట్టి పారేసేవాళ్ళం. ఏమీ లేని ట్యూబు మీద ఖరీదైన రసాయనాలు తగలెయ్యడం ఎందుకని మా గైడు అనేవాడు. నిజమే కదా, లేని చోట ఏం వెతుకుతాం అని మేమందరం తలలు ఊపేవాళ్ళం. దేవుడు తలకాయ ఇచ్చింది ఊపడానికే అన్నట్టు.

నేను అక్కడ డాక్టరేట్ చేస్తున్నాను. కొన్నేళ్ళ కిందట మనుషుల్లోకి దిగిన ఒక జ్వరం వైరస్ ఎలా మారుతోందన్నది నా విషయం. వైరస్ జన్యువు అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. మా గైడు తయారుచేసిన కిట్ ఆ రాతంతా చదవదు, అందులో ఒక్క చిన్న ముక్కను వెతుకుతుంది. ఆ ముక్క దొరికితే ‘ఉంది’, దొరక్కపోతే ‘లేదు’. వైరస్ ఎంత మారినా ఆ ముక్క మాత్రం మారదని ఆయన నమ్మకం. నా థీసిస్‌లో అప్పటికి రాసిన మూడు అధ్యాయాలూ ఆ నమ్మకానికి రుజువులే. ఫ్రీజర్‌లో ఉన్న ప్రతి ట్యూబునూ చదివాం, ప్రతిదాంట్లోనూ ఆ ముక్క చెక్కుచెదరకుండా ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి, కుందేలు కాళ్ళు లెక్కపెట్టి అవును మూడే అని రాసిచ్చే శిష్యురాలు దొరికింది. ఇంకేం కావాలి?

మా వదిన జ్వరాల ఆసుపత్రిలో నర్సు. రోగుల గొంతులోంచి శాంపిల్ తీసి మా ల్యాబుకు పంపేది ఆవిడే, మేం పంపిన ఫలితం రోగులకు చెప్పేదీ ఆవిడే. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలోనే నాకు మిరపకాయ అని పేరు పెట్టింది, ఆ పేరు ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడకు ఎంత అలిసిపోయి వచ్చినా నోట్లో ఏదో ఒక వేళాకోళం సిద్ధంగా ఉంటుంది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ ఇంట్లో అసలు మొగుడి కంటే అర్ధమొగుడి పెత్తనమే ఎక్కువ" అని అన్నయ్యకు వినబడేలా అనేది.

"ఇన్నేళ్ళుగా దాని వెంట పడ్డావు. ఈపాటికి ఆ వైరస్‌కి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టుంటారు" అని నన్ను ఏడిపించేది.

"పుట్టారు వదినా. ఆ పిల్లలు ఎవరి పోలికో చూడటమే నా చదువు" అనేదాన్ని నేను.

ఒకరోజు వదినకు జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, మెట్లెక్కుతుంటే కీళ్ళు పట్టేస్తున్నాయంది. తన గొంతులోంచి తనే శాంపిల్ తీసుకుని మిగతావాళ్ళ ట్యూబులతో పాటు పంపింది. ఆ ట్యూబును వేరే ఎవరి చేతిలోనూ పెట్టకుండా నేనే పరీక్షించాను. వైరస్ ఉంటే పైకి లేవాల్సిన గీత తెర మీద నేలను కరుచుకుని అలాగే పడి ఉంది. లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే మెట్ల దగ్గరికి పరుగెత్తుకెళ్ళి ఫోన్ చేశాను.

"నువ్వే చేశావా?" అంది వదిన.

"నేనే చేశాను."

"అయితే లేనట్టే. మామూలు జ్వరానికి సెలవు పెడితే మా సూపరింటెండెంట్ నన్ను బతకనివ్వదు" అని ఒక మాత్ర మింగి డ్యూటీకి పోయింది.

రెండు రోజులకు వార్డులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. మళ్ళీ శాంపిల్ తీశారు, మళ్ళీ నేనే చేశాను, మళ్ళీ లేదు. ఆవిడను మామూలు వార్డులో, పక్కపక్కనే మంచాలున్న చోట పడుకోబెట్టారు. నేను వెళ్ళేసరికి అన్నయ్య వరండాలో బెంచీ మీద, వదిన చెప్పులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా ఎత్తుకుపోతారని భయం అనుకుంటాను.

"పొద్దున లేస్తే వైరస్ వైరస్ అంటావు. ఇంట్లో మనిషికి వచ్చిందేంటో చెప్పలేవా?" అన్నాడు.

మా అన్నయ్య నన్ను పల్లెత్తు మాట అనడు. ఆ రోజు అన్నాడు. నేను నేరుగా వార్డు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను పక్కకు తీసుకెళ్ళింది.

"చూడబోతే అచ్చం అదే జ్వరం. కానీ మీ ల్యాబు రెండుసార్లు లేదంది. నేనేం చెయ్యను?" అంది. "ఆ జ్వరానికి పనిచేసే ఇంజెక్షన్ కొరతలో ఉంది. ‘ఉంది’ అన్న రిపోర్టు లేకుండా స్టోర్‌లో ఇవ్వరు. అది కూడా జబ్బు ఊపిరితిత్తుల దాకా రాకముందు ఇవ్వాలి. తర్వాత ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే."

ల్యాబుకు తిరిగొచ్చాను. వదిన రెండో ట్యూబు ఇంకా బల్ల మీదే ఉంది. లేదన్నది కాబట్టి దాన్ని సంచిలో వెయ్యాలి. చేతిలోకి తీసుకుని సంచి మూతి తెరిచాను. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ముందు ఆ సంచి మీద మండింది, తర్వాత ఆ కిట్ మీద, ఆ తర్వాత నా మూడు అధ్యాయాల మీద. ఎందుకంటే నాకు అప్పుడు తట్టింది, మేం ఇన్నేళ్ళూ చదివిన ట్యూబులన్నీ కిట్ పట్టుకున్నవే. కిట్ పట్టుకోలేనివి మా కంటపడకముందే ఉడికిపోయాయి.

జన్యువు చదివే యంత్రాన్ని చూసుకునే సీనియర్‌ను మేమంతా మెషిన్ అన్న అంటాం. ఆయన మర్నాటి పనికి ట్యూబులు సర్దుకుంటున్నాడు. వదిన ట్యూబుతో పాటు సంచిలో పైనున్నవి ఓ డజను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఇవి లేదన్నవి కదా," అన్నాడు. "నీకేమైనా పిచ్చా?"

"అన్నా, ఒక కానిస్టేబుల్ ఉన్నాడు. దొంగల్ని మీసం చూసి పట్టుకుంటాడు. మీసం లేనివాళ్ళని వదిలేస్తాడు. ఏడాది తర్వాత జైల్లో ఉన్నవాళ్ళందరి మొహాలూ చూసి, దొంగలెవరూ మీసం తియ్యరు అని పుస్తకం రాశాడు. వాడిని ఏమనాలి?"

మెషిన్ అన్న నవ్వబోయి ఆగిపోయాడు. ఫ్రీజర్ వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. చేతి తొడుగులు ఇంకో జత వేసుకున్నాడు.

"గైడు అడిగితే నువ్వే పెట్టమన్నావని చెప్తా. నాకు పెళ్ళాం పిల్లలున్నారు."

"చెప్పు."

యంత్రం చదివింది. వదిన ట్యూబులో వైరస్ ఉంది. ఉందంటే అక్కడో ఇక్కడో కాదు, కుప్పలుగా ఉంది. కిట్ వెతికే ఆ చిన్న ముక్కలో మాత్రం మూడు అక్షరాలు ఎగిరిపోయాయి. దొంగ మీసం గొరిగించుకున్నాడు. సంచిలోంచి తీసిన డజనులో ఇంకో ఆరింటిలోనూ అదే రకం, అవే మూడు అక్షరాలు లేవు. అంటే ఈ కొత్త రకం ఒక్క వదిన గొంతులో పుట్టింది కాదు, మా కళ్ళ ముందే ఊరంతా తిరుగుతోంది. అలా తిరుగుతున్నదాన్ని మేం శ్రద్ధగా ఉడకబెట్టి, వైరస్ మారడం లేదని వ్యాసాలు రాసుకుంటున్నాం.

యంత్రం ఇచ్చిన కాగితాలు పట్టుకుని గైడు గదిలోకి వెళ్ళాను. ఆయన తెలివితక్కువవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను వివరించేలోపే అర్థం చేసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూశాడు.

"మంచి పని చేశావు," అన్నాడు. "నాలుగో అధ్యాయానికి ఇంతకంటే ఏం కావాలి?"

"సార్, ముందు ఆసుపత్రికి చెప్పాలి. కిట్ లేదన్నా నమ్మొద్దని చెప్పాలి."

"చెబుదాం. ఎవరు వద్దన్నారు? కానీ సమస్య ఒక్కటే పట్టుకెళ్తే కంగారు పుడుతుంది. సమస్యా పరిష్కారమూ కలిపి పట్టుకెళ్ళాలి. ఇంకో ముక్కను కూడా వెతికేలా కిట్‌ని సరిచేద్దాం. కొన్ని వారాల పని."

"అన్ని వారాలు రోగులు ఆగుతారా సార్?"

"వచ్చే వారం కమిటీ వస్తోంది. అన్ని జ్వరాల ఆసుపత్రులకీ మన కిట్ పంపాలా వద్దా తేల్చేది వాళ్ళు. ఒక్క వారం ట్యూబులు చూసి నువ్వు గోల పెడితే ఈ కిట్ ఆగిపోతుంది. చేతిలో వేరే కిట్ ఉందా? లేదు. పాత రకాన్ని పట్టుకునే పరీక్ష కూడా లేకుండా పోతే అప్పుడు ఎంతమంది పోతారో ఆలోచించావా?"

ఆయన అన్నదాంట్లో అర్థం లేకపోలేదు. అదే నాకు మరీ కంపరం పుట్టించింది. వట్టి దుర్మార్గుడితో పోట్లాడటం సులువు.

"కిట్ ఆపమనడం లేదు సార్. లేదన్నవాళ్ళని కూడా ఒక కంట కనిపెట్టమని చెబితే చాలు. మా వదిన అక్కడ పడుకుని ఉంది."

"అందుకే నీ మాట చెల్లదు," అన్నాడు, చాలా మెత్తగా. "సొంత మనిషి శాంపిల్ నువ్వే పరీక్షించి, నువ్వే చదివించి, నువ్వే కొత్త రకం అంటే ఎవరైనా ఏమంటారు? ట్యూబులు కలిసిపోయాయి అంటారు. నీ మంచికే చెప్తున్నా. ఇంటికెళ్ళి కాసేపు పడుకో."

అరికాలి మంట నెత్తికెక్కింది. పడుకోవాలట. ఆ గదిలో గోడ మీద ఆయనకిచ్చిన సన్మాన పత్రాలన్నీ వరసగా అద్దాలు కట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. తలుపు మాత్రం గట్టిగా వేసి వచ్చాను, ఆ పాటి సంతోషం నాకు దక్కింది.

డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వెంటనే నమ్మింది.

"నమ్ముతాను. కానీ నా నమ్మకం మీద స్టోర్ తాళం తెరుచుకోదు. మీ ల్యాబు రిపోర్టు కావాలి, మీ గైడు సంతకంతో. ఆవిడకి రేపటికి ఊపిరి కష్టమవుతుంది. ఆ తర్వాత నేను చెయ్యగలిగిందేమీ ఉండదు."

కిట్ ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించేది విద్యార్థులమే. శాంపిల్ నంబరు ఎదురుగా రెండే గడులుంటాయి, ఉంది, లేదు. కిట్‌కు కనబడలేదు గానీ రోగం ఉంది అని చెప్పడానికి గడి లేదు. ఏ గడి నొక్కితే ఆ రిపోర్టు గైడు సంతకంతో సహా దానంతటదే ఆసుపత్రికి వెళ్ళిపోతుంది. తప్పు పడితే దిద్దుకోవడానికి వీలుంది. నేను వదిన నంబరు తెరిచి ‘ఉంది’ నొక్కాను. అక్కడితో ఆగితే వదిన కోసం చేసినట్టవుతుంది. మిగతా ఆరుగురివీ తెరిచి నొక్కాను. మా వృత్తిలో రానిది వచ్చినట్టు రాయడం కంటే పెద్ద పాపం లేదు. అలా రాసినవాళ్ళను నేనే ఎన్నిసార్లు నోటికొచ్చినట్టు తిట్టానో లెక్క లేదు. అయినా ఏడూ నొక్కేశాను. నిండా మునిగినవాళ్ళకు చలేమిటి?

ఇంజెక్షన్ ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. వదినను వేరే వార్డుకు మార్చారు. మిగతా ఆరుగురికీ ఆసుపత్రి నుంచి ఫోన్లు వెళ్ళాయి. ఐదుగురు వెనక్కి వచ్చారు. ఆరో ఆయన ఫోన్ ఆయన కూతురు ఎత్తింది. నాన్నకు ఏమీ లేదని మీరే కదా ఇంటికి పంపారు అందట. పోయి అప్పటికి రెండు రోజులైంది.

వదిన గట్టెక్కింది. కళ్ళు తెరిచాక ఆవిడ మొదట అడిగింది చెప్పులు. అన్నయ్య కవర్లోంచి తీసి చూపిస్తే, "ఇంత జాగ్రత్త నా మీద పెడితే ఇక్కడిదాకా వచ్చేదాన్నే కాదు" అంది. అన్నయ్య నవ్వలేక ఏడ్చాడు. రిపోర్టు సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. రెండుసార్లు లేదన్న కిట్ మూడోసారి ఉందని చెప్పిందనే ఆవిడ అనుకుంది. ఒంట్లో శక్తి లేని మనిషి, ఇప్పుడెందుకులే అనుకున్నాను.

గైడు పిలుస్తాడని ఎదురుచూస్తూనే ఉన్నాను. కమిటీ రావడానికి ముందు రోజు పిలిచాడు. నా సామాను సర్దుకోమంటాడని మానసికంగా సిద్ధపడే వెళ్ళాను. ఆయన తలుపు వేసి, నాకు కుర్చీ చూపించి, తన చేత్తో టీ కలిపిచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు టీ ఇవ్వడం అదే మొదటిసారి.

"రికార్డు చూశాను. చాలా బావుంది," అన్నాడు. "కొత్త రకం సోకినవాళ్ళు ఏడుగురు. ఏడుగురినీ కిట్ పట్టుకుంది. అంటే మూడు అక్షరాలు పోయినా మన కిట్ పనిచేస్తోంది. రేపు కమిటీకి ఇదే చూపిస్తున్నా."

నాకు మొదట ఆయనేమంటున్నాడో అర్థం కాలేదు.

"సార్, ఆ ఏడూ కిట్ చెప్పినవి కావు. నేను మార్చాను."

"నువ్వేం మార్చావో నేను చూడలేదు. రికార్డులో ఏముందో అది చూశాను."

"కిట్ లేదంది సార్. మీకు తెలుసు. కాగితాలు మీ బల్ల మీదే పెట్టాను."

"తెలిస్తే నిన్ను ఈపాటికి బయటికి పంపాల్సి వచ్చేది. దొంగ ఫలితం రాసిన మనిషికి ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వదు. నేను ఆ పని చెయ్యను. మీ వదిన బతికింది, నీ చదువు నిలబడుతుంది, కొత్త కిట్ వచ్చేదాకా పాతది నడుస్తుంది. టీ చల్లారిపోతోంది."

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. కిట్ గుడ్డిదని నాకు తెలుసు. ఆ గుడ్డిదాని పేరు మీద నేనే ఏడు చూపులు రాసిపెట్టాను. వదినను బతికించిన అబద్ధం ఆ కిట్‌ను కూడా బతికించింది. రేపు అది ప్రతి ఆసుపత్రికీ వెళ్తుంది, ప్రతి ఆసుపత్రిలోనూ జ్వరంతో వచ్చినవాళ్ళను ఏమీ లేదు పొమ్మంటుంది. దాని యోగ్యతా పత్రంలో మొట్టమొదటి సాక్ష్యం మా వదిన. నాకు ఆయన మీద వచ్చిన కోపం సంగతి సరే, దాని పక్కన నా మీద నాకు వచ్చిన అసహ్యం ఇంకా పెద్దది. టీ తాగకుండా లేచి వచ్చేశాను.

కమిటీలో నలుగురు. వాళ్ళకు పెద్దగా వ్యవహరిస్తున్నది తెల్లజుట్టు ఆవిడ, మాట తక్కువ, ప్రతిదీ రెండుసార్లు చదివే రకం. మా సమావేశపు గదిలో పొడవాటి బల్ల చుట్టూ వాళ్ళు కూర్చున్నారు, గోడ వారగా మేం విద్యార్థులం. గైడు తెర మీద ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. నా మూడు అధ్యాయాల్లోని బొమ్మలన్నీ వచ్చాయి. నన్ను చూపించి, ఈ అమ్మాయి కష్టం ఇదంతా అని పొగిడాడు కూడా. చివరికి ఆ పేజీ వచ్చింది. కొత్త రకం సోకినవాళ్ళు ఏడుగురు, కిట్ గుర్తించినవాళ్ళు ఏడుగురు. మొదటి వరసలో వదిన నంబరు.

నేను లేచాను.

"ఆ మొదటి నంబరు మా వదినది. కిట్ ఆవిడని పట్టుకోలేదు. రెండుసార్లు పరీక్షించాను, రెండుసార్లూ లేదంది. మిగతా ఆరుగురినీ పట్టుకోలేదు. ఏడు ఫలితాలూ నేను మార్చి రాశాను."

గదిలో ఎవరో పెన్ను కింద పెట్టిన చప్పుడు వినబడింది. గైడు నా వైపు జాలిగా చూశాడు. ఆ జాలి ఎంత బాగా నటించాడంటే ఒక క్షణం నాకే నా మీద జాలి వేసింది.

"ఇంట్లో పెద్ద జబ్బు. పాపం నిద్ర లేదు ఈ అమ్మాయికి," అన్నాడు కమిటీతో.

"నాకు నిద్ర లేని మాట నిజమే," అన్నాను. "ట్యూబులు ఫ్రీజర్లో ఉన్నాయి. ఉంది అని రాశాను కాబట్టి పారెయ్యకుండా దాచారు. మీ ఎదురుగా కిట్ పెట్టి చూడండి."

తెల్లజుట్టు ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. "నువ్వు చెప్పింది నిజమైతే నీ డాక్టరేట్ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. తెలుసా?"

"తెలుసండీ."

"ట్యూబులు తెప్పించండి."

ఏడు ట్యూబులూ, పక్కన పాత రకం ట్యూబు ఒకటీ పెట్టి, కమిటీలో ఒకాయన తన చేత్తో కిట్ నడిపాడు. గంట పైన పట్టింది. తెర మీద పాత రకం గీత లేచి నిలబడింది. మిగతా ఏడు గీతలూ చచ్చిన పాముల్లా పడి ఉన్నాయి.

"ఈ ట్యూబులు ఎన్నిసార్లు కరిగించారో, ఎన్నిసార్లు గడ్డకట్టించారో," అన్నాడు గైడు. "వైరస్ పాడైపోయి ఉంటుంది."

గోడ వారనుంచి మెషిన్ అన్న గొంతు సవరించుకున్నాడు. "లేదు మేడమ్. వీటిల్లో ఆరు సంచిలోంచి తీసినవే. నా దగ్గరికి వచ్చినప్పుడే కిట్ లేదన్న గుర్తు ఉంది వీటి మీద. చదివింది నేనే" అని చెప్పి, చెప్పినందుకు తనే భయపడిపోయి కూర్చున్నాడు.

తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. కిట్ లేదన్నా రోగిని బట్టి చికిత్స చెయ్యమని అన్ని ఆసుపత్రులకూ ఆ పూటే కబురు వెళ్ళింది. కిట్ పంపకం ఆగింది. గైడును సంజాయిషీ అడిగారు. నన్ను అడగడానికి ఏమీ లేదు, నేనే ఒప్పుకున్నాను కదా. గుర్తింపు కార్డు అక్కడే తీసుకున్నారు. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. దొంగ ఫలితాలు నమోదు చేసినందుకు అని అందులో ఉంది. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. మెట్లు దిగుతుంటే గైడు ఎదురొచ్చి, "కాస్త ఓపిక పట్టి ఉంటే ఇద్దరమూ బాగుండేవాళ్ళం" అన్నాడు. ఆరో ఆయన కూతురుతో చెప్పండి ఆ మాట అన్నాను. ఆయన పక్కకు తప్పుకుని పైకి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి వదిన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని తల దువ్వుకుంటోంది. జ్వరం తగ్గాక ఆవిడ జుట్టు పాయలుపాయలుగా ఊడుతోంది. ఊడినదాన్ని చుట్టచుట్టి కాగితంలో పెడుతోంది. వచ్చే వారం నుంచి మళ్ళీ డ్యూటీ.

నేను మొదలుపెట్టి అంతా చెప్పాను. కానిస్టేబులూ మీసమూ చెప్పాను, గైడు టీ చెప్పాను, కమిటీ ముందు ఆయన మొహం ఎలా మాడిపోయిందో చెప్పాను. చదువు పోయిన మాట కూడా చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను. వదిన ఏదో ఒక వేళాకోళం ఆడుతుందని, తర్వాత దగ్గరికి తీసుకుంటుందని అనుకున్నాను. ఆవిడ దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పటినుంచి?" అంది.

"ఏంటి ఎప్పటినుంచి?"

"ఆ కిట్‌కి ఎప్పటినుంచి కనబడటం లేదు?"

"తెలీదు వదినా. నెలలు కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. చూద్దామంటే ట్యూబులు లేవు. అన్నీ ఉడకబెట్టేశాం."

వదిన దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి కాగితంలో పెట్టింది. తర్వాత తలెత్తకుండానే అంది.

"లేదని వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పింది నేను. మీకేం లేదు, ఇంటికెళ్ళండి, పిల్లల దగ్గర పడుకోండి అన్నాను. నమ్మనివాళ్ళకి మా ఆడపడుచు చేసిన పరీక్ష అని కూడా చెప్పాను. ఒకావిడైతే నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది."

"వదినా, ఆ గైడు ఉన్నాడే, వాడు..."

"వాడి సంగతి నాకెందుకు? నిన్ను అడుగుతున్నా," అంది వదిన. "మూడు అధ్యాయాలు రాశావు. ఎన్ని సంచులు నీ చేత్తో మోసి ఉంటావు. వాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తెరిచి చూడాలని నేను మంచం పట్టేదాకా నీకు అనిపించలేదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. వదినకు కోపం వస్తే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో కోపమంతా నాదే అనుకునేదాన్ని. ఆవిడ ఎర్రబడ్డ కళ్ళతో నా మొహంలోకి చూస్తూ బదులు కోసం కూర్చుంది. గైడుకూ కమిటీకీ చెప్పడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో.

"అనిపించలేదు," అన్నాను.

వదిన కాగితంలోని జుట్టు పొట్లం కట్టి, లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.